బరువు దిగింది, చర్మం మిగిలింది

నూట పది కిలోల మనిషి డెబ్బైకి దిగితే ఊరికి తెలియకుండా ఉండదు. సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ అంగట్లో కూరగాయల కుప్పల మధ్య ఎదురుపడ్డవాళ్లు ముందుగా అడిగే మాట చాలాసార్లు ఒకటే: "ఏమైంది వదినా, గింత పీక్కపోయినవ్? షుగర్ గిట్ల వచ్చిందా?" రోగం కాదు, తిండి కట్టడి చేసుకుని తగ్గానంటే ముక్కున వేలేసుకుంటారు. ఏం తిన్నావు, ఏం మానేశావు, ఎన్ని నెలలు పట్టిందని ఆరా తీస్తారు. ఇంకో నలుగురు అదే దారి పడతారు.

అడగని సంగతి ఒకటుంటుంది. జాకెట్ చేతుల కింద జారిన చర్మం, కుచ్చిళ్ల వెనక మడతపడిన పొట్ట, తొడల మధ్య రాపిడి, ఎండాకాలం వస్తే ఆ మడతల్లో మంట. తగ్గిన మనిషి వాటి గురించి తనంతట తాను చెప్పదు. ఇంత కష్టపడి తగ్గి ఇప్పుడు దీనికి ఏడుస్తావా అంటారని భయం. మగవాళ్లది ఇంకో తీరు. బాయిలో ఈతకు దిగే స్నేహితులతో వెళ్లడం మానేస్తారు. వేములవాడకు పోతే ధర్మగుండం మెట్ల మీద అంగీ విప్పడానికి వెనకాడతారు. ఒళ్లు లావుగా ఉన్నప్పుడు పడ్డ సిగ్గు, సన్నబడ్డాక వేరే రూపంలో తిరిగొస్తుంది.

ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన ఇబ్బంది కాదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 30.1 శాతం, మగవాళ్లలో 32.3 శాతం ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నవాళ్లే. బరువు పెరిగినట్టే తగ్గించుకునే ఆరాటమూ పెరిగింది. ఉప్పు, నూనె లేని వంటతో మంతెన సత్యనారాయణరాజు ఇంటింటికీ తెలిసిన పేరయ్యారు. ఆ తర్వాత వీరమాచనేని రామకృష్ణ చెప్పిన ఆహార పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాలనూ ఊపేసింది. కొబ్బరినూనె, రోజుకు మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్న లెక్క పల్లెల్లో సైతం నోటికొచ్చేసింది. ఆ పద్ధతి మంచిచెడ్డల మీద డాక్టర్లతో వాదోపవాదాలు గట్టిగానే నడిచాయి. అదలా ఉంచితే, తక్కువ కాలంలో పాతిక ముప్పై కిలోలు తగ్గినవాళ్లు అప్పటినుంచే మన కళ్ల ముందు తిరుగుతున్నారు. ఇప్పుడు ఇంజెక్షన్లూ వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశపు మార్కెట్లోకి అడుగుపెట్టాయి.

పొట్ట చిన్నది చేసే బేరియాట్రిక్ సర్జరీ సైతం కార్పొరేట్ ఆసుపత్రులకే పరిమితం కాలేదు. 2023లో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి డాక్టర్లు 240 కిలోల బరువున్న ఒక యువకుడికి ఈ సర్జరీ ఉచితంగా చేశారు. తర్వాత అతని బరువులో డెబ్బై కిలోల దాకా తగ్గినట్టు పత్రికలు రాశాయి. ప్రభుత్వ ఆసుపత్రి చరిత్రలో అది గొప్ప విషయమే. అయితే ఒక మనిషి ఒంటిమీద నుంచి ఇంకో మనిషంత బరువు దిగిపోయాక, ఆ బరువును మోసిన చర్మం ఎక్కడికి పోతుందన్నది వార్త ముగిసిన చోట మొదలయ్యే ప్రశ్న.

ఎక్కడికీ పోదు. అదే చిక్కు.

చర్మం పైపొర కింద డెర్మిస్ అనే మందమైన పొర ఉంటుంది. సిరిసిల్ల సాంచెల మీద బట్టకు పడుగు, పేక ఎలాగో ఈ పొరకు కొల్లాజెన్ పోగులు అలాగ. అవి బలాన్నిస్తాయి. వాటి మధ్య సన్నగా ఎలాస్టిన్ పోగులుంటాయి. సాగిన చర్మాన్ని వెనక్కి లాగి యథాస్థానానికి తెచ్చేవి ఇవే. మన ఒంట్లోని ఎలాస్టిన్‌లో ఎక్కువ భాగం పుట్టకముందూ, చిన్నతనంలోనూ తయారవుతుంది. పెద్దయ్యాక కొత్తది పెద్దగా పుట్టదు. పదేళ్లు, పదిహేనేళ్లు సాగి ఉన్న చర్మంలో ఈ పోగులు తెగిపోతాయి, కొల్లాజెన్ పలచబడుతుంది. లోపలి కొవ్వు కరిగినా వెనక్కి లాగే శక్తి చర్మంలో మిగలదు.

అందుకే ఇద్దరు సరిగ్గా ముప్పై కిలోలే తగ్గినా ఇద్దరి ఒళ్లూ ఒకేలా ఉండవు. ఇరవై రెండేళ్ల కుర్రాడు నాలుగేళ్లు మాత్రమే లావుగా ఉండి తగ్గితే చర్మం చాలావరకు సర్దుకుంటుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల తల్లి, నలభై అయిదేళ్ల మనిషి, ఇరవై ఏళ్లుగా బరువు మోసి తగ్గితే సర్దుకోదు. కాన్పుల్లో పొట్ట చర్మం ఒకసారి సాగిపోయే ఉంటుంది. దానికి తోడు పొట్ట మధ్యలో రెండు కండరాలు ఎడమైపోయి ఉంటే, సన్నబడ్డా పొట్ట ముందుకు ఉబికే ఉంటుంది. వంశం నుంచి వచ్చిన చర్మం తీరు, ఎండ, ఎంత బరువు తగ్గారన్నది కూడా లెక్కలోకొస్తాయి.

ఇక పొగాకు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో బీడీ లేని వీధి ఉండదు. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి దారం చుట్టే ఆడవాళ్లు పొద్దంతా కూర్చునే ఉంటారు. కదలిక లేని ఆ పని బరువు పెరగడానికి ఒక కారణం. కాల్చేవాళ్ల సంగతి మరోటి. పొగాకు పొగ కొల్లాజెన్‌ను దెబ్బతీస్తుంది, నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకుపోయేలా చేస్తుంది. బీడీ తాగే మనిషి చర్మం తాగనివాళ్ల చర్మంకన్నా ముందే వదులవుతుంది, గాయం అయితే మానడానికి ఎక్కువ రోజులు తీసుకుంటుంది. సర్జరీ దాకా వెళ్తే ఈ రెండో ముక్క ప్రాణం మీదికీ రావచ్చు.

పలకరించినవాళ్లందరూ చెప్పే చిట్కా, నూనె మర్దన. కొబ్బరినూనె, ఆవనూనె, ఆముదం. చర్మం పొడిబారకుండా మెత్తగా ఉండటానికి నూనె మంచిదే. తెగిన ఎలాస్టిన్‌ను అతికించడం మాత్రం ఏ నూనె వల్లా కాదు. ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి కొనే 'ఫర్మింగ్' క్రీముల పరిస్థితీ అంతే. చర్మం పైపొరకు కాస్త తేమనిచ్చి, నిగనిగలాడేలా చేసి ఊరుకుంటాయి. కొల్లాజెన్ పొడులు తాగితే పొట్ట బిగుస్తుందని నమ్మించే ప్రకటనలూ ఉన్నాయి. ఆ పొడి కడుపులో మిగతా ప్రోటీన్ లాగే అరిగిపోతుంది. నేరుగా వెళ్లి పొట్ట చర్మంలో అతుక్కోదు. వాటికి పెట్టే డబ్బుతో గుడ్లు, పప్పులు కొనుక్కుంటే మేలు. ఇది మోసపోతున్నవాళ్ల మీద కోపంతో చెబుతున్న మాట కాదు, వాళ్ల కష్టార్జితం మీద దిగులుతో చెబుతున్నది.

గుడ్లు, పప్పుల మాటకు కారణం ఉంది. గబగబా తగ్గినప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. కింద కండ లేకపోతే చర్మం మరింత వేలాడినట్టు కనబడుతుంది. చేతుల్లో, తొడల్లో, పిరుదుల్లో కండ పెంచుకుంటే వదులు చర్మం పోదు గానీ, కొంత నిండినట్టు ఉంటుంది. దానికి బరువులెత్తే కసరత్తు కావాలి. జిమ్ లేని ఊళ్లో రెండు నీళ్ల బాటిళ్లు, గోడ, కుర్చీ చాలు. మంచి ప్రోటీన్ కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు, గుప్పెడు పల్లీలకు ఏడెనిమిది గ్రాములు, వండిన కోడిమాంసం వంద గ్రాములకు పాతిక గ్రాములకు అటూఇటూగా వస్తుంది. బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్లకు రోజుకు 60 నుంచి 80 గ్రాములు తీసుకోవాలని డాక్టర్లు చెబుతారు. పూటపూటకూ అన్నం, పచ్చిపులుసుతో సరిపెడితే ఆ లెక్క ఎప్పటికీ తేలదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచకూడదు.

అందం సంగతి తర్వాత. వేలాడే చర్మం అసలు బాధ మడతల్లో ఉంటుంది.

మే నెలలో ఈ జిల్లాల్లో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. పొట్ట కింద, రొమ్ముల కింద, గజ్జల్లో, తొడల మధ్య చర్మం చర్మానికి ఆనుకున్న చోట చెమట ఆరదు. గాలి తగలదు. నడిచినప్పుడల్లా ఒరుసుకుంటుంది. మొదట ఎర్రబడుతుంది, మంట పుడుతుంది, తర్వాత పైపొర పచ్చిగా లేస్తుంది. ఆ తడిలో కాండిడా అనే ఫంగస్ చేరితే ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. వాసన వస్తుంది. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఇంకా తొందరగా వస్తుంది, మొండిగా ఉంటుంది. దుబాయ్‌లోనో మస్కట్‌లోనో మందపాటి కవరాల్ తొడుక్కుని పని చేసే మన మనిషి పరిస్థితి ఊహించుకోవచ్చు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని నిషేధం. ఆ రెండున్నర గంటల్లో బట్టలు వదులు చేసుకుని, మడతలు ఆరబెట్టుకుంటే సాయంత్రం నడక నరకం కాకుండా ఉంటుంది.

చేయాల్సింది చిన్న పనే, రోజూ చేయాలి. స్నానం అయ్యాక మడతను ఎత్తిపట్టి, తువ్వాలతో రుద్దకుండా అద్దాలి. రెండు నిమిషాలు ఫ్యాన్ కింద ఆరనివ్వాలి. తర్వాత మడతలో ఉతికిన పలుచని నూలుగుడ్డ పెట్టుకోవాలి, తడిసినప్పుడల్లా మార్చుకోవాలి. సిరిసిల్లలో నేసే నూలు లంగా గుడ్డ మీటరు కొని ముక్కలు కోసుకుంటే ఏడాదికి సరిపోతుంది. చెమట పీల్చని పాలిస్టర్ దీనికి పనికిరాదు. ఒరిసే చోట జింక్ ఆక్సైడ్ మలాము పలుచగా రాస్తే చర్మానికీ చర్మానికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. పౌడర్ కుమ్మరించుకోవడం చాలామందికి అలవాటు. చెమటతో కలిసి అది ఉండలు కట్టి, ఆ ఉండలే గీరుకుని మంట పెంచుతాయి.

ఇక్కడే పెద్ద ప్రమాదం పొంచి ఉంది. దురద, మంట అనగానే మెడికల్ షాపులో ఒక ట్యూబు చేతిలో పెడతారు. ఆర్‌ఎంపీ డాక్టర్ రాసేదీ చాలాసార్లు అదే. క్లోబెటాసాల్, బెక్లోమెథాసోన్ లాంటి స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్, అన్నీ కలిపిన ట్యూబు. రాసిన రెండు రోజుల్లో దురద తగ్గుతుంది కాబట్టి గొప్ప మందు అనిపిస్తుంది. స్టెరాయిడ్ అణిచింది మంటను మాత్రమే, ఫంగస్‌ను కాదు. ఆపగానే రెట్టింపుగా తిరిగొస్తుంది. మళ్లీ రాస్తారు. నెలల తరబడి ఇలా సాగితే మడతల్లోని చర్మం కాగితంలా పలచబడి, ఎర్రటి చారలు పడి, అసలే సాగిన చర్మం ఇంకా పాడవుతుంది. దేశమంతా తామర మందులకు లొంగకుండా పోవడానికి ఈ మిశ్రమ క్రీములు ఒక కారణమని చర్మవ్యాధుల నిపుణులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో చేర్చింది. కౌంటర్ మీద అమ్మకం మాత్రం ఆగలేదు.

ట్యూబు కొనేముందు దాని మీది చిన్న అక్షరాలు చదివించుకోవడం ఎంతైనా అవసరం. పేరు చివర 'సోన్', 'సాల్', 'సోలోన్' అని వినబడే మందు ఏదైనా ఉంటే, అది స్టెరాయిడా అని మందుల షాపులో అడిగి తెలుసుకోవాలి. చర్మ డాక్టరు చూడకుండా స్టెరాయిడ్‌ను గజ్జల్లో, మడతల్లో రాయకూడదు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోవడానికి ఇప్పుడు కరీంనగర్ దాకా పోనక్కర్లేదు. మడతలో చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎరుపు చుట్టూ పాకుతున్నా, పుండు రెండు మూడు వారాల్లో మానకపోయినా ఆలస్యం చేయకూడదు. షుగర్ పరీక్ష తప్పనిసరి.

లంగా నాడా గురించి వేరుగా చెప్పుకోవాలి. లంగాలకు పేరుపడ్డ సిరిసిల్ల పక్కనే ఉన్నవాళ్లకు ఇది దగ్గరి విషయం. 2024లో బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే వైద్యపత్రికలో మహారాష్ట్ర, బిహార్ డాక్టర్లు ఇద్దరు వయసు మళ్లిన మహిళల కేసులు రాశారు. దశాబ్దాలపాటు నడుము మీద ఒకే చోట బిగించి కట్టిన నాడా గానీ చీర గానీ ఒరిసి ఒరిసి, మానని పుండు పడి, చివరికి అక్కడే చర్మ క్యాన్సర్ వచ్చింది. చాలా అరుదైన సంగతి, భయపడాల్సిందేమీ లేదు. కానీ బరువు తగ్గాక నడుము దగ్గర వదులు చర్మం మడతపడుతుంది, జారకుండా ఉండాలని నాడా ఇంకా బిగిస్తారు. నల్లగా గీత పడి, పొలుసులు రాలుతుంటే అది హెచ్చరికే. సన్నని నాడాకు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోవడం, రోజుకో ఎత్తులో కట్టుకోవడం, ఇంట్లో ఉన్నప్పుడు వదులు చేయడం టైలరుకు చెబితే అయిపోయే పనులు.

దుస్తుల విషయంలో కాస్త శ్రద్ధ పెడితే సగం ఇబ్బంది పక్కకు పోతుంది. పొట్టను ఎత్తిపట్టే మెత్తని నూలు బెల్టు నడకను తేలిక చేస్తుంది, రాపిడి తగ్గిస్తుంది. మరీ బిగిస్తే మళ్లీ చెమటే. మగవాళ్లు అంగీ లోపల ఒంటికి పట్టి ఉండే నూలు బనీను వేసుకుంటే ఛాతీ కదలిక తెలియదు. తొడలు ఒరుసుకునే ఆడవాళ్లు చీర లోపల మోకాళ్ల దాకా వచ్చే నూలు షార్ట్ వేసుకుంటున్నారు. పాత జాకెట్లను కుట్లు వేసి బిగించడంకన్నా, మోచేతి దాకా చేతులుండేలా కొత్తవి రెండు కుట్టించుకుంటే మనసుకూ బాగుంటుంది. తగ్గాక కూడా పాత వదులు బట్టల్లోనే దాక్కునే మనుషులు ఎందరో. తగ్గిన ఒంటికి సరిపోయే బట్టలు కట్టుకునే హక్కు చర్మం బిగుసుకున్నాకే వస్తుందని ఎవరూ రాసిపెట్టలేదు.

శాశ్వత మార్గం కావాలంటే సర్జరీ ఒక్కటే. ఇది కొత్తదేం కాదు. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి సర్జన్ హోవార్డ్ కెల్లీ 1899లోనే వేలాడే పొట్ట చర్మాన్ని కోసి తీశాడు. ఇప్పుడు పొట్టకు, చేతులకు, తొడలకు, రొమ్ములకు, నడుము చుట్టూ అన్నిటికీ వేరువేరు సర్జరీలున్నాయి. పొట్ట మడత ఎంత కిందికి జారిందన్నదాన్ని బట్టి డాక్టర్లు అయిదు స్థాయిలుగా చూస్తారు. మొదటి స్థాయిలో మడత పొత్తికడుపు కింది వెంట్రుకల దాకా వస్తుంది, మూడోదానిలో తొడల పైభాగం దాకా, అయిదోదానిలో మోకాళ్ల దాకా. వేలాడే మడతను మాత్రమే తీసేస్తే పానిక్యులెక్టమీ. ఎడమైన కండరాలను కూడా దగ్గరికి కుట్టి, బొడ్డును కొత్త చోట అమర్చితే అబ్డామినోప్లాస్టీ. ఈ తేడా డబ్బు దగ్గరా, ఇన్సూరెన్స్ దగ్గరా పెద్దదవుతుంది.

లైపోసక్షన్‌తో అయిపోతుందనుకోవడం తరచూ జరిగే పొరపాటు. గొట్టంతో లాగేది కొవ్వును, చర్మాన్ని కాదు. వదులు చర్మం కింద మిగిలిన కొవ్వు కూడా లాగేస్తే చర్మం ఇంకా జారుతుంది. అది చిన్న పని, పొద్దున వెళ్లి సాయంత్రం రావచ్చు అనే ప్రచారాన్నీ నమ్మకూడదు. 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగువాళ్లకు ఇంటి మనిషిలా దగ్గరైన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో 31 ఏళ్లకే కన్నుమూసింది. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకుందని, ఆ తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడిందని ఆమె మేనేజర్ అప్పట్లో చెప్పారు. సన్నబడాలనే ఒత్తిడి చుట్టూ అల్లిన 'సైజ్ జీరో' సినిమా అదే ఏడాది నవంబర్‌లో విడుదలైంది. ఆ రెండూ చూసిన తెలుగు సమాజం, తగ్గాలనుకునేవాళ్లతో మాట్లాడే తీరును పెద్దగా మార్చుకోకపోవడం బాధాకరం.

చర్మం తీసే సర్జరీ కూడా తేలికైనదేమీ కాదు. పొట్టకైతే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కోత. మచ్చ జీవితాంతం ఉంటుంది, బట్టల కింద దాగేలా పెడతారంతే. లోపల చేరే నీరు బయటికి రావడానికి గొట్టాలు కొన్ని రోజులుంటాయి. మొదటి వారం వంగి నడవాలి. బిగుతు బెల్టు నెల నుంచి నెలన్నర దాకా కట్టుకోవాలి. బిందె ఎత్తకూడదు, బస్తా మోయకూడదు. భారీగా బరువు తగ్గినవాళ్లలో కుట్లు విడిపోవడం, నీరు చేరడం, ఇన్ఫెక్షన్ రావడం మామూలు రోగులకన్నా ఎక్కువ. కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం కూడా ఉంది. సర్జరీ మర్నాడే లేపి నడిపించడం, రక్తం పలచబడే మందులివ్వడం అందుకే. అన్ని చోట్లా చర్మం తీయాలంటే ఒకేసారి కుదరదు, నెలల ఎడంతో రెండు మూడు విడతలు పడుతుంది.

ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ పట్టణానికి చెందిన ఒక వ్యక్తి ఒకప్పుడు 440 కిలోలకు పైగా ఉండేవాడు. బేరియాట్రిక్ సర్జరీ తర్వాత రెండు వందల కిలోలకు మించి తగ్గాడు. నడవాలంటే చర్మం అడ్డం. కూర్చోవాలంటే చర్మం కింద నలిగేది, పుండ్లు పడేవి. చివరికి న్యూయార్క్‌లోని ఒక ప్లాస్టిక్ సర్జన్ డబ్బు తీసుకోకుండా చేస్తానని ముందుకొచ్చింది. 2015లో అతని ఒంటి నుంచి ఇరవై కిలోలకు పైగా చర్మం తీశారు. అంత పెద్ద కేసులు మన దగ్గర అరుదు. కానీ తగ్గిన తర్వాత కూడా నడవలేకపోవడం అంటే ఏమిటో ఆ కేసు లోకానికి చూపించింది. అది అందం కోసం చేసిన సర్జరీ అని ఎవరైనా అనగలరా?

ఇన్సూరెన్స్ కంపెనీలు మొదట అనేది అదే. మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల నియమాలను బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకేలా చేసింది. వాటి ప్రకారం అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి డబ్బు రాదు. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి మినహాయింపు ఉంది. ఇంకో మినహాయింపు చాలామందికి తెలియదు. ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ముప్పు ఉన్నప్పుడు, దాన్ని తొలగించడానికి వైద్యపరంగా తప్పనిసరి అని చికిత్స చేస్తున్న డాక్టరు ధ్రువీకరిస్తే కవరేజీ అడగవచ్చు. మడతల్లో మళ్లీ మళ్లీ ఇన్ఫెక్షన్, పుండ్లు, నడవలేకపోవడం ఆ కోవలోకి తెచ్చే వాదనకు బలమిస్తాయి. బలం ఉండాలంటే కాగితం ఉండాలి. చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ ఇచ్చిన చీటీ, మందుల బిల్లు, తేదీతో తీసుకున్న ఫోటోలు దాచుకోవాలి. ఆరు నెలల చీటీలున్న మనిషి దరఖాస్తును తిరస్కరించడం కంపెనీకి అంత తేలిక కాదు. పాలసీ లేనివాళ్లు ప్రభుత్వ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పథకం చూసే ఆరోగ్యమిత్రను అడిగి ఏ ప్యాకేజీ కింద ఏది వస్తుందో తెలుసుకుని వెళ్లడం మంచిది. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. ముస్తాబాద్ నుంచి సిద్దిపేట మీదుగా వెళ్తే ఒక రోజు పని.

ఎక్కడ చేయించుకున్నా ఒక ప్రశ్న అడగాలి: కత్తి పట్టేది ఎవరు? ఆ డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉండాలి. మత్తు డాక్టరు, రక్తనిధి, అవసరమైతే ఐసీయూ ఉన్న చోటే చేయించుకోవాలి. తళతళలాడే క్లినిక్ బోర్డును చూసి, వాయిదాల్లో కట్టొచ్చనే మాట విని అడ్వాన్స్ ఇవ్వకూడదు.

తీసేసిన చర్మం ఏమవుతుందో ఎవరూ అడగరు. మామూలుగా ఆసుపత్రి వ్యర్థాల్లో కలిసిపోతుంది. పొట్ట సర్జరీల్లో తీసిన చర్మాన్ని రోగి సమ్మతితో, రక్తపరీక్షల తర్వాత శుద్ధి చేసి, కాలిన గాయాలపై తాత్కాలిక కప్పుగా వాడిన అనుభవాలు ప్రపంచ వైద్యపత్రికల్లో ఉన్నాయి. తెలంగాణలో తొలి స్కిన్ బ్యాంక్ 2022లో ఉస్మానియాలోనే మొదలైంది. అక్కడ సర్జరీకి వెళ్లేవాళ్లు డాక్టరును ఈ మాట అడగొచ్చు. ఒకరిని ఏళ్ల తరబడి బాధపెట్టిన చర్మం, స్టవ్ పేలి కాలిన మరొకరి ఒంటిని కొన్ని వారాలు కాపాడగలిగితే అంతకన్నా ఏం కావాలి.

సర్జరీకి తొందర పనికిరాదు. బేరియాట్రిక్ సర్జరీ అయినవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. ఎలా తగ్గినా సరే, బరువు పెరగక తగ్గక కనీసం ఆరు నెలలు నిలకడగా ఉండాలి. ఇంకా పాతిక కిలోలు తగ్గాల్సి ఉండగా చర్మం తీయించుకుంటే మళ్లీ జారుతుంది. పిల్లలు కావాలనుకునేవాళ్లు కాన్పులయ్యాకే ఆలోచించాలి. బీడీ, సిగరెట్ కనీసం నాలుగు వారాల ముందు పూర్తిగా మానాలి. మానకుండా అబద్ధం చెప్పి పడుకుంటే కుట్ల దగ్గర చర్మం నల్లబడి చచ్చిపోవచ్చు.

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నెలన్నర పాటు బిగుతు బెల్టు కట్టుకుని ఉండటం ఈ ప్రాంతపు ఎండల్లో కష్టం. వరికోతలు అయిపోయి, ఇంట్లో పని కొంచెం తెరిపిచ్చే డిసెంబర్, జనవరి నెలలు అనువు. సాంచెల మీద నిలబడే మనిషైనా, చాట ముందు కూర్చునే మనిషైనా ఆ నెలన్నర కూలి పోతుంది కాబట్టి, ఆ లెక్క ముందే ఇంట్లో చెప్పుకోవాలి. తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా, 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. కడుపు కట్టుకుని తగ్గినవాళ్లలో ఇనుము, బీ12, ప్రోటీన్ లోటు ఇంకా ఎక్కువ ఉండే అవకాశం ఉంది. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంటే సర్జన్ వెనక్కి పంపుతాడు, దాన్ని సరిచేయడానికే రెండు మూడు నెలలు పడుతుంది. చలికాలంలో చేయించుకోవాలనుకునేవాళ్లు వానాకాలం నాట్లప్పుడే రక్తపరీక్ష చేయించుకుని, అవసరమైతే ఇనుము మాత్రలు మొదలుపెట్టాలి.